దుకాణంలో ఉండిపోయిన మూడో ముక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మీసం కూడా సరిగ్గా రాని వయసులో అంత జ్ఞానం నాకెట్లా పట్టిందో, ఆ తరువాత అదంతా ఎటు పోయిందో ఇప్పటికీ అర్థం కాదు. క్రికెట్ జట్టులోంచి ఎవరిని తీసేయాలో, ప్రభుత్వం ఏ పథకం మానుకోవాలో, మా పెదనాయిన కందిపప్పు ఎప్పుడు కొనాలో, అన్నీ అడగకుండానే చెప్పేవాణ్ణి. పుస్తకాల సంగతి వచ్చిందంటే ఇక నన్ను ఆపేవాడు లేడు. అట్ట చూసి, వెనుక పేజీలో నాలుగు మాటలు చదివి, ఇది గొప్పది, అది చెత్త అని తేల్చేసేవాణ్ణి. (అట్ట కూడా చూడకుండా తేల్చినవి ఉన్నాయి గానీ అవి ఇక్కడ వద్దు.) ఇక్కడ చెప్పబోయేది ఒక ఓడ పుస్తకం గురించి. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు తప్పకుండా "అది చదివారా? ఎట్లా ఉంటుంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వినబడితే నాకు ఈనాటికీ చెవులు వేడెక్కుతాయి.

కొత్త జిల్లాలు ఏర్పడ్డ కొత్తలో నాకు భూపాలపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగం దొరికింది. మాది జనగామ. తాతల నాటి నుంచి కిరాణా, ధాన్యం వ్యాపారం. తక్కెడ పట్టకుండా కలం పట్టిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఇంట్లో నా మాటకు కొంత విలువ ఉండేది. నాకు మాత్రం అది చాలా తక్కువగా ఉన్నట్టు కనిపించేది. వారమంతా భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల వెనుక ఒక రేకుల గదిలో ఉండి, శనివారం సాయంత్రం హన్మకొండ మీదుగా జనగామకు పోయేవాణ్ణి. అట్లా తిరుగుతున్న రోజుల్లోనే "పుస్తకాల ముచ్చట"లో చేరాను. దానికి సంఘం లేదు, అధ్యక్షుడు లేడు, రసీదు బుక్కు లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు ఊళ్లలో చదివే అలవాటున్న కొందరం నెలకో ఊరు చొప్పున, ఒక ఆదివారం, ఎవరి ఇంటి ముందో కూర్చుని ఒక పుస్తకం మీద కొట్లాడుకునేవాళ్లం.

కొట్లాటకు ఒక పద్ధతి ఉండేది. రెండు జంపఖానాలు ఎదురెదురుగా పరిచేవాళ్లు. పుస్తకం బాగుందన్నవాళ్లు ఒకదాని మీద, బాగాలేదన్నవాళ్లు రెండోదాని మీద కూర్చోవాలి. మధ్యలో కూర్చోవడం, కుర్చీ వేసుకోవడం, "బాగుంది కానీ..." అనడం కుదరదు. మాటలు విని మనసు మారితే లేచి అవతలి జంపఖానా మీదికి పోవచ్చు. చివరికి ఏ జంపఖానా మీద తక్కువమంది మిగిలితే వాళ్లు వచ్చే నెల అందరికీ సర్వపిండి రొట్టెలు కాల్చి తేవాలి. చూడటానికి పిల్లల ఆటలాగా ఉంటుంది కానీ, మనిషి లేచి అటు నుంచి ఇటు నడిచి వచ్చే ఆ నాలుగడుగుల కోసం మేము గొంతులు చించుకునేవాళ్లం. ఎవరినైనా లేపగలిగిన రోజు నాకు రాత్రి అన్నం కూడా రుచిగా ఉండేది.

ఆ ఓడ పుస్తకం తెచ్చింది టీచరమ్మ. మహబూబాబాద్‌లో చాలాకాలం పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ గంజి పెట్టిన చీరలో ఉండేది. మోకాళ్ల నొప్పి, మసకబడుతున్న కళ్లు. ఎప్పుడూ ఎవరినీ నొప్పించి మాట్లాడేది కాదు. ఒక ఆదివారం పాత చీర ముక్కలో చుట్టిన పుస్తకాన్ని జంపఖానా మీద పెట్టి విప్పింది. ఎప్పుడో అనువాదమై, మళ్లీ అచ్చు పడని నవల. పేజీలు పసుపుపచ్చగా మారిపోయి, ముట్టుకుంటే ఊడి వస్తాయేమో అన్నట్టున్నాయి.

"గిది నా పెండ్లి కాకముందు సదివిన," అన్నది. "అప్పటిసంది ఒక్కలతోని గూడ దీని ముచ్చట పెట్టలే. మా ఇంటి సారుకు చెప్తుంటే నిద్రవోయేటోడు, పాపం. బడిల పిల్లలకు చెప్దామంటే సిలబస్ కాదాయె. నా కండ్లు పురాగ పోకముందుగాల్నే, ఎవలన్న ఇది సదివి నాతోని మంచిగ కొట్లాడాలని ఉన్నది బిడ్డా. గంతే."

ఆమెకు కావలసింది అంతే. బహుమతి కాదు, సన్మానం కాదు. తను జీవితమంతా ఒంటరిగా మోసుకు తిరిగిన పుస్తకం గురించి మాట్లాడే ఒక మనిషి. ఇప్పుడు ఈ మాట రాస్తుంటేనే నాకు సిగ్గేస్తున్నది. అప్పుడు మాత్రం నాకు కనిపించిన సమస్య ఒక్కటే. పుస్తకం ఒక్కటే, చదివేవాళ్లు ఇంతమంది. ఫోన్లో దొరకదు, జిరాక్స్ తీద్దామంటే పేజీలు ఆగవు. వెంటనే నా బుర్రలో జ్ఞానజ్యోతి వెలిగింది.

"మూడు ముక్కలు చేద్దాం టీచరమ్మా," అన్నాను. "ఊరికో ముక్క. చదివినంక మార్చుకుందాం. మా జనగామల బైండింగ్ చేసే ఆయన ఉన్నడు, నీటుగ కోసి, ఒక్కో ముక్కకు గుడ్డ అట్ట ఏసిస్తడు."

టీచరమ్మ చేయి పుస్తకం మీదనే కాసేపు ఉండిపోయింది. అందరూ భలే ఉపాయం అన్నారు. ఆమె నవ్వి, "కానీ తియ్. బీరువల వెట్టుకుంటే ఏమొస్తది," అని నా చేతికిచ్చింది. ఆ చీర ముక్కను మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది.

మొదటి ముక్క మహబూబాబాద్‌కు, రెండోది భూపాలపల్లికి, మూడోది జనగామకు పోయాయి. జనగామలో దాన్ని మా పెదనాయిన దుకాణంలో ఉంచాం. పెదనాయిన గల్లాపెట్టె ముందు కూర్చుని బేరాల మధ్యలో చదివే మనిషి. పప్పు కొలుస్తూ పేజీ తిప్పగలడు. మొదటి రెండు ముక్కలూ బస్సుల్లో వచ్చీపోయే వాళ్ల చేతుల మీదుగా అటూ ఇటూ బాగానే తిరిగాయి. మూడో ముక్కను జనగామ నుంచి తెచ్చి మిగతావాళ్లకు అందించే బాధ్యత నాది. ప్రతి శనివారం ఇంటికి పోయేవాణ్ణి నేనే కాబట్టి అందరూ నా మీదనే వేశారు. నేను కూడా పెద్ద బరువు నెత్తిన పెట్టుకున్నవాడిలా తల ఊపాను.

మరి తెచ్చానా? తేలేదు. మా ఇంటికీ పెదనాయిన దుకాణానికీ మధ్య ఒక వీధి కూడా లేదు. కానీ దుకాణం గడప తొక్కితే పెదనాయిన పెళ్లి మాట ఎత్తుతాడు. "స్టేషన్ ఘన్‌పూర్ల ఒక సంబంధం ఉన్నదిరా" అని మొదలుపెట్టి, పిల్ల మేనమామల దాకా చెప్పనిదే వదలడు. ఆ భయంతో నేను దుకాణం ఉన్న సందులోంచి కాకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. మధ్యలో ఆయన ఫోన్ కూడా చేశాడు. "అరేయ్, గీ పుస్తకం ఎప్పుడు తీస్కపోతవ్?" "వస్తున్న పెదనాయినా, రేపే వస్తున్న." ఆ రేపు రాలేదు. ఆయన కూడా తొందర పెట్టలేదు. ఆ ముక్క ఆయనకు నచ్చింది, మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాడని తరువాత తెలిసింది.

ఇంతకీ నేను చదివింది రెండో ముక్క. మొదటి ముక్క పైపైన తిరగేశాను. కథ ఇది. తండ్రి చనిపోయిన ఒక కుర్రవాడు సరుకుల ఓడ ఎక్కుతాడు. తెరచాపలు కుట్టే ఒక ముసలాయన వాణ్ణి దగ్గరికి తీస్తాడు, పని నేర్పుతాడు, జ్వరమొస్తే పక్కన కూర్చుంటాడు. రెండో ముక్కకు వచ్చేసరికి ఓడలో మంచినీళ్లకు కటకట. ఒక రోగి కోసం ముసలాయన ఎవరూ చూడకుండా నీళ్లు తీస్తాడు. కుర్రవాడు చూస్తాడు. కెప్టెన్ మెప్పు కోసం పోయి చెప్పేస్తాడు. కెప్టెన్ ఆ ముసలాయన్ని తెలిసినవాళ్లెవరూ లేని ఒక రేవులో దించేసి ఓడ తోలుకుపోతాడు. కుర్రవాడు గట్టు వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. అక్కడికి రెండో ముక్క అయిపోతుంది. నా అభిప్రాయం కూడా అక్కడికే పూర్తయిపోయింది.

ముచ్చట ఆ నెల భూపాలపల్లిలో, నా గదికి దగ్గరలోనే, మేమందరం "సముద్రం బావ" అని పిలిచే ఆయన ఇంటి ముందు జరిగింది. ఆయన గనిలో పనిచేసేవాడు. మా మొత్తం గుంపులో సముద్రాన్ని కళ్లతో చూసినవాడు ఆయనొక్కడే. ఎప్పుడో పెళ్లయిన కొత్తలో పూరీకి యాత్రకు పోయి ఒడ్డున నిలబడితే అల వచ్చి ఒక చెప్పు లాక్కుపోయిందట. మిగిలిన మేమంతా గణపురం చెరువు అలుగు పోస్తే అదే పెద్ద నీళ్లు అనుకునేవాళ్లం. అందుకని ఆ రోజు సముద్రానికి సంబంధించిన ప్రతి ప్రశ్నా ఆయన దగ్గరికే పోయింది. "తుఫాన్ల ఓడ గట్ల ఊగుతదా బావా?" అంటే గంభీరంగా కళ్లు మూసి, "ఊగుతది. నేను ఒడ్డు మీదనే ఊగిన," అనేవాడు.

పందిరి కింద జంపఖానాలు పరిచారు. కూర్చోవడంలోనే సగం తేలిపోయింది. రెండో ముక్క చదివి కోపం వచ్చినవాళ్లం ఒకవైపు దట్టంగా కూర్చున్నాం. అవతలి జంపఖానా మీద టీచరమ్మ, ఆమెతో పాటు మొహమాటానికి కూర్చున్న మరికొందరు. కుర్చీ తెస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. "పద్ధతి పద్ధతే," అని పందిరి గుంజను పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఆ రోజు కొత్త చీర కట్టుకుంది. ముందుగా ఆమెనే మాట్లాడమన్నారు. "నేను ఈ పుస్తకం సదివినప్పుడల్ల ఏడుస్త బిడ్డా," అని మొదలుపెట్టి, ఏదో చెప్పబోయి, సిగ్గుపడి ఆపేసింది. "మొదలు మీరు చెప్పుండ్రి. మీ కోసమే కదా వచ్చిన."

నేను లేచాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ లేచినవాడు కనిపిస్తాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, గొంతు సవరించుకోవడం. చెవి పట్టుకుని కూర్చోబెట్టాలనిపిస్తుంది.

"అన్నం పెట్టినోని మీద చాడీ చెప్పినోడు హీరో ఎట్లయితడు?" అన్నాను. చప్పట్లు. "ఓడ ఎక్కితే పోరడు పెద్దోడయితడని రాసిండు. మరి మనం రోజు పరకాల బస్సు ఎక్కుతున్నం కదా, మనం ఎంత పెద్దోళ్లం కావాలె?" నవ్వులు. ఆ నవ్వులు నా తలకెక్కాయి. కుర్రవాడు కెప్టెన్ ముందు వంగి వంగి చాడీ చెప్పడం అభినయించి చూపించాను, మా ఆఫీసులో పెద్దసారు ముందు వంగేవాళ్ల తీరులో. జనం పొట్టలు పట్టుకున్నారు. సముద్రం బావకు పొలమారింది. అక్కడ ఆగినా బాగుండేది. ఆగలేదు. "ఇసుంటోని కోసం ఏడ్చేటోళ్లు టీవీల సబ్బు అడ్వటైజు చూసి గూడ ఏడుస్తరు," అన్నాను.

అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. అందరికన్నా కొంచెం ఆలస్యంగా, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను గెలిచాననుకున్నాను.

ఆమె పక్కన ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి మా వైపు వచ్చేశారు. జంపఖానా మీద ఆమె ఒక్కతే మిగిలింది. అప్పుడు పందిరి గుంజను పట్టుకుని ఆమె కూడా లేవడం మొదలుపెట్టింది. మోకాలు సహకరించలేదు. ఒకసారి కూలబడి మళ్లీ లేచింది. ఎవరో చేయందించబోతే వద్దన్నది. ఆ నాలుగడుగులూ నడిచి మా జంపఖానా అంచుకు వచ్చి కూర్చుంది.

"నాకే సరిగ్గ సమజ్ గాలేదేమో బిడ్డా," అన్నది నాతో. "చిన్న వయసుల సదివిన గదా. మీరందరు గింతమంది సదివి గిట్ల అంటున్నరంటే, నేనే ఏదో ఊహించుకున్న గావచ్చు. సర్వపిండి నేనే తెస్త తియ్."

మేం చప్పట్లు కొట్టాం. నేను అందరికన్నా గట్టిగా కొట్టాను. ముచ్చట మొదలైనప్పటి నుంచి జంపఖానా మొత్తం ఖాళీ చేయించినవాడు అంతకుముందు లేడు మరి.

ఆ చప్పట్లు ఆగకముందే గేటు దగ్గర పెదనాయిన కనిపించాడు. దుకాణం మూసి, బస్సు తప్పిపోయి, ఇంకో బస్సు పట్టుకుని, చెమటలు కారుతూ వచ్చాడు. చంకలో బెల్లం వాసన కొట్టే సంచి. అందులోంచి గుడ్డ అట్ట ఉన్న పుస్తకం ముక్క తీసి, మధ్యలో పెట్టి, అమాయకంగా అందరి వైపూ చూశాడు.

"ఇగో, మూడో ముక్క. నెల దాటె, దుకాన్లనే వడి ఉన్నది. మావోడు రేపస్త మాపస్త అనవట్టె. మీరు ఎదురుసూస్తుంటరని నేనే పట్టుకొచ్చిన. ఇంక షురూ చెయ్యలే గదా?"

సముద్రం బావ ఇంట్లో కుక్కర్ కూత వేసింది, అది వినబడింది. నేను మెల్లగా మా జంపఖానా మీదివాళ్ల మొహాలు చూశాను. ఒక్కొక్కరూ వేరే దిక్కుకు చూస్తున్నారు. అప్పుడు నాకు విషయం తెలిసింది. కావలసినవాళ్లు దుకాణానికి పోయి చదువుకుని ఉంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, మూడో ముక్క ఎవరికీ అందలేదు. తనకొక్కడికే అందలేదేమో, మిగతావాళ్లంతా చదివారేమో, అడిగితే పరువు పోతుందని ప్రతి ఒక్కరూ నోరు మూసుకున్నారు. చివరి ముక్క చదవకుండా, నా మాటలకు నవ్వి, నమ్మి, చప్పట్లు కొట్టారు. సముద్రం బావ అయితే "ఆఖరుకు ఓడ మునుగుతది చూడు, అక్కడ బాగ రాసిండు" అని అంతకుముందే ఒక అభిప్రాయం కూడా వదిలాడు. (ఓడ మునగదు.)

టీచరమ్మ మూడో ముక్క వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు, మెత్తగా అడిగింది.

"మరి నన్నెందుకు లేపినవ్ బిడ్డా?"

నా దగ్గర అన్నిటికీ జవాబు ఉండేదని చెప్పాను కదా. బస్సులు, ఆఫీసు పని, ఆడిట్ అని ఏవో గొణిగాను. పెదనాయిన మధ్యలో, "ఆడిట్ ఏంద్రా, మొన్న సినిమాకు పోతుంటివి గదా," అన్నాడు పాపం, సాయం చేద్దామని. టీచరమ్మ తిరిగి తన జంపఖానా మీదికి పోలేదు. మళ్లీ లేచే ఓపిక లేదు. మా మధ్యనే, అంచు మీద, చాయ్ వచ్చేదాకా కూర్చుని, చాయ్ తాగి, అందరికీ పేరుపేరునా పోయొస్తానని చెప్పి బస్సుకు పోయింది. నాకు కూడా చెప్పింది. కొత్త చీరకు జంపఖానా దుమ్ము అంటుకుని ఉంది.

ఆ వారమంతా ఆఫీసులో ఫైలు తెరిస్తే ఆ ప్రశ్నే. శనివారం జనగామలో దిగి, సందు చుట్టూ తిరగకుండా నేరుగా దుకాణానికి పోయాను. ముచ్చట నాడు పెదనాయిన మూడో ముక్కను మళ్లీ తనతోనే తీసుకుపోయాడు, ముచ్చట అట్లా చెదిరిపోయాక తీసుకునే ధైర్యం ఎవరికీ లేక. అదేమీ పట్టనట్టు ఆయన నాకు ఆ ముక్కలోని కథ చెప్పాడు. మొదటి రెండు ముక్కలూ చదవలేదు కాబట్టి ఆయన దృష్టిలో అది తప్పిపోయిన తండ్రి కోసం వెతికే కొడుకు కథ. "ఆఖరుకు తండ్రే గుర్తువట్టడురా, ఎంత అన్యాలం," అని కళ్లు తుడుచుకుని, వెంటనే ఘన్‌పూర్ సంబంధం ఎత్తాడు. ఆ రోజు పిల్ల మేనమామల దాకా విన్నాను. శిక్ష అనుకుని విన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ ముక్క చేతపట్టుకుని మహబూబాబాద్‌కు రైలెక్కాను. మూడో ముక్క రైల్లోనే చదివాను. కుర్రవాడు పెద్దవాడవుతాడు. తనే ఒక ఓడకు కెప్టెన్ అవుతాడు. ఏ సరుకు దొరికినా, ఏ దేశం పిలిచినా, ముసలాయన్ని దించిన ఆ రేవు దారిలో ఉందా లేదా అని చూసుకునే బయలుదేరుతాడు. చివరికి ఒక ఊళ్లో చేపల వలలు కుట్టుకుంటూ ఆయన కనబడతాడు. వీడు కాళ్ల మీద పడతాడు. ఆయన వీడి మొహం చేతులతో తడిమి, "నువ్వెవరో నాకు గుర్తు లేదు నాయనా," అంటాడు. అంతే, పుస్తకం అయిపోతుంది. కాజీపేటలో రైలు చాలాసేపు ఆగింది. సమోసాలవాడు మూడుసార్లు అడిగినా నాకు వినబడలేదట. పక్కన కూర్చున్న పెద్దమనిషి, "ఏమైంది తమ్మీ, ఇంట్ల ఎవలకన్న బాగలేదా?" అన్నాడు. నాకే బాగాలేదు.

టీచరమ్మ ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. తలుపు తీసి, నన్ను గుర్తుపట్టడానికి కొంచెం ముందుకు వంగి చూసింది. నేను రైల్లో తయారుచేసుకున్న క్షమాపణ మొదలుపెట్టాను. చాలా బాగా తయారుచేశాను, రెండు సామెతలు కూడా వేశాను. ఆమె చేయెత్తి ఆపింది.

"సదివినవా?"

"సదివిన టీచరమ్మా."

"పురాగ?"

"పురాగ."

"అయితే కూసో. ఆఖరుకు ముసలాయన గుర్తు లేదన్నడు గదా. నిజంగనే మర్సిపోయిండా? అబద్ధమాడిండా?"

"అబద్ధమే," అన్నాను.

"ఆఁ!" అని చేతులు చరిచింది. "అబద్ధమే. ఎందుకాడిండు? వానికి బరువు దించెతందుకు. పో బిడ్డా, మర్సిపోయిన, నువ్వు గూడ మర్సిపో అని. క్షమించిండు."

నేను తలవంచుకుని అవునని ఉంటే సరిపోయేది. అందుకే కదా పోయింది. కానీ నిజంగా నాకట్లా అనిపించలేదు. రైల్లో అనిపించింది వేరు.

"కాదు టీచరమ్మా. అది క్షమించుడు కాదు. ఇన్నేండ్లు నీ కోసం తిరిగిన అని వాడొస్తే, నువ్వెవరో నాకు తెల్వదంటే, ఇగ వాడు ఎవలను మాఫీ అడగాలె? కొట్టినా బాగుండు. అది పెద్ద శిక్ష."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!" అన్నది టీచరమ్మ గొంతు పెంచి. అంత మెత్తని మనిషి నుంచి అంత గొంతు వస్తుందని నాకు తెలియదు. "ముసలాయన చేతులతోని మొకం తడిమిండని రాసిండా లేదా? శిక్షేసేటోడు మొకం తడుముతడా?" నేనూ తగ్గలేదు. వాదన వంటింటి దాకా పోయింది, చాయ్ పొంగి పొయ్యి మీద పోయింది, పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి "ఏమైంది టీచరమ్మా, ఎవరతను?" అని అడిగింది. "ఏం కాలే, మేము పుస్తకం ముచ్చట వెట్టుకుంటున్నం, నువ్వు పో," అని కసిరింది టీచరమ్మ. ఆమె మొహం అంత వెలుగుతుండగా నేను ఎప్పుడూ చూడలేదు. అన్నం పెట్టి, తినేటప్పుడు కూడా తిట్టింది.

ఆ తరువాతి ముచ్చటకు ఎవరూ చెప్పకుండానే మా జంపఖానా వాళ్లంతా సర్వపిండి తెచ్చారు. గిన్నెలు, డబ్బాలు, స్టీలు టిఫిన్లు, ఎక్కడ చూసినా సర్వపిండే. నేను కూడా గదిలో సొంతంగా కాల్చాను. ఒకవైపు మాడింది, రెండోవైపు పచ్చిగా ఉంది. టీచరమ్మ అదే అడిగి తిన్నది. అప్పటికి మూడు ముక్కలూ అందరూ చదివారు. జంపఖానాలు ఇంచుమించు సగం సగం నిండాయి. టీచరమ్మ అటు, నేను ఇటు. ఆమె ఆ రోజు ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

ఇంతటితో నా తప్పు మాసిపోయిందనుకున్నాను. ఇంకొంచెం పుణ్యం కూడా మూటగట్టుకుందామని, మూడు ముక్కలనూ ఆ బైండింగ్ ఆయన చేతనే మళ్లీ ఒక్కటిగా కుట్టించి, మంచి గుడ్డ అట్ట వేయించి టీచరమ్మకు తీసుకుపోయి ఇచ్చాను. ఆమె చేత్తో నిమిరి చాలా సంతోషపడింది. కొన్నాళ్లకు పోయి, "మళ్లీ చదివారా?" అని అడిగాను. మెచ్చుకుంటుందని నా ఆశ.

"సదివిన బిడ్డా," అన్నది. కొంచెం ఆలోచించి, చెప్పనా వద్దా అన్నట్టు ఆగి, చెప్పింది. "ఒక్కటే కష్టమైతున్నది. ఆ పోరడు కెప్టెన్ కాడికి పోయి చెప్తడు సూడు, ఆ జాగ రాంగనే మీ నవ్వులు ఇనవడుతున్నయ్. ఇన్నేండ్లు అక్కడ నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు వస్తలేదు."

నిష్ఠూరంగా అనలేదు. మోకాలి నొప్పి గురించి చెప్పినట్టే చెప్పింది. పుస్తకాన్ని కుట్టించి ఇవ్వగలిగాను. ఆమె ఏడుపును ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి? ఒక మనిషి జీవితమంతా దాచుకున్న చోట మా అందరి నవ్వులూ తీసుకుపోయి పోసి వచ్చాను. అవి ఎత్తడానికి నాకు చేతకాలేదు.

ఏళ్లు గడిచాయి. ఘన్‌పూర్ సంబంధమే చివరికి నా ఇల్లాలైంది. (మేనమామలు పెదనాయిన చెప్పినట్టే మంచివాళ్లు.) నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి, అభిప్రాయాలు అంతకన్నా పలచబడ్డాయి. ఎవరైనా పుస్తకం ఎట్లుందని అడిగితే, ముగించినదైనా సరే, "ఇంకా చదువుతున్నా" అంటాను. "బీరువల వెట్టి తాళమేసినవ్ గదా, ఇంకేం చదువుతున్నవ్?" అని మా ఇంటావిడ అందరి ముందూ పరువు తీస్తుంది. టీచరమ్మకు ఇప్పుడు చూపు దాదాపు లేదు. పక్కింటావిడ కూతురు సాయంత్రాలు వచ్చి చదివి వినిపిస్తుంది. మేం ఫోన్లో కొట్లాడుకుంటుంటాం. ముసలాయన క్షమించాడా, శిక్షించాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

మొన్న ఒక సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. గొంతులో ఏదో ఉత్సాహం. "నిన్న మల్ల మొదటికెల్లి సదివిచ్చుకున్న బిడ్డా. ఆ జాగ కాడ ఈసారి నవ్వులు చానమటుకు పోయినయ్."

నాకు నిజంగా గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. "ఎంత మంచి మాట చెప్పినవ్ టీచరమ్మా," అన్నాను.

"అవు. సముద్రం బావది పోయింది, అందరియి పోయినయ్," అని, ఆమె ఊపిరి తీసుకుంది. "నీదొక్కటే మిగిలింది."

ఫోన్లో అటు ఆమె నవ్వుతున్నది. ఈసారి ఆలస్యం లేకుండా, చెంగు అడ్డం లేకుండా. ఇటు నేను కూడా నవ్వాను, చెవులు వేడెక్కుతుండగా, చాలా చిన్నగా.